వయసు పైబడితే కణాల చావు కూడా గాడి తప్పుతుంది

చేన్లో కంపముల్లు దిగితే పిల్లోడికి నాలుగు రోజుల్లో మానిపోయే పుండు, అదే ఇంట్లో ముసలవ్వకు వారాల తరబడి చీము పడుతూనే ఉంటుంది. కర్నూలు, అనంతపురం పల్లెల్లో దీన్ని చూడనివాళ్ళు ఉండరు. షుగరో, కాళ్ళకు రక్తం సరిగా అందకపోవడమో కారణం కావచ్చు, కాదనను. కానీ ఇంకో కారణం గురించి మనం మాట్లాడుకోం: పుండు దగ్గర పోరాడిన రోగనిరోధక కణాలు ఎలా చస్తున్నాయి, చచ్చాక వాటిని ఎవరు ఎత్తేస్తున్నారు అన్నది.

ఆ కణాలు చావడం జబ్బేమీ కాదు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఎముక మూలుగలో రోజుకు దాదాపు 10 వేల కోట్లు పుడతాయి, కాబట్టి రోజూ దాదాపు అన్నే చావాల్సిందే కూడా. చూడాల్సింది చచ్చే తీరు. 1972లో కెర్, విల్లీ, కర్రీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అపోప్టోసిస్ అని పేరు పెట్టిన చావులో, పాత మట్టిమిద్దెను దూలాలు, దంతెలు ఒక్కొక్కటే దించి విప్పినట్టు, కణం తన డీఎన్ఏను తానే ముక్కలు చేసుకుని, పొర చినగకుండా చిన్న చిన్న మూటలుగా విడిపోయి, నన్ను మింగెయ్యి అన్న గుర్తుగా ఒక కొవ్వు పదార్థాన్ని పైకి తిప్పి పెడుతుంది. చెత్తను మింగే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు వచ్చి మింగేస్తాయి. అవి సమయానికి రాకపోతే మాత్రం ఆ మూటలూ పగులుతాయి, లోపలున్నదంతా బయటపడి చుట్టూ వాపు, మంట పెరుగుతాయి.

వయసు మీదపడేకొద్దీ ఇక్కడ చాలా చోట్ల తేడా వస్తుంది. వేడి తగిలినప్పుడు కణాన్ని కాపాడే ప్రొటీన్లు ఉన్నాయి, వాటి జాడ మొదట 1962లో ఇటలీ శాస్త్రవేత్త రిటోస్సాకు పండు ఈగల్లో దొరికింది. అందులో హెచ్‌ఎస్‌పీ70 అనేది చావును కొంత ఆపగలదు, ముసలివాళ్ళలో లింఫోసైట్లు అనే ఇంకో రకం తెల్ల రక్తకణాలు దాన్ని తక్కువగా తయారుచేస్తాయి. మే నెలలో 43 డిగ్రీల ఎండలో తిరిగే పెద్దవాళ్ళను చూస్తే నాకు ఇదే గుర్తొచ్చి టెన్షన్ పడతాను. ఇంకోవైపు లింఫోసైట్లలోనే ఒక రకమైన టీ కణాల్లో కొన్ని ముసలివి చావాల్సినప్పుడు కూడా చావవు, ఉండిపోయి వాపు పెంచే రసాయనాలు వదులుతుంటాయి. 2000లో శాస్త్రవేత్త ఫ్రాంచెస్కీ బృందం ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టింది ఇలా ఎప్పుడూ సన్నగా రగిలే వాపుకే.

నాకు బాగా నచ్చింది 2020లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు ప్రచురించిన పని. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళకు, ముసలివాళ్ళకు చేతి మీద ఒక మందుతో చిన్న బొబ్బ పుట్టించి, అందులోని కణాల్ని పరిశీలించారు. ముసలివాళ్ళలో చచ్చిన న్యూట్రోఫిల్స్ అక్కడే ఉండిపోయాయి. ఎందుకంటే వాళ్ళ మాక్రోఫేజ్‌ల మీద, చచ్చిన కణాన్ని పట్టుకునే టిమ్-4 అనే ప్రొటీన్ తగ్గింది, పీ38 అనే ఎంజైము మితిమీరి పనిచేయడమే దానికి మూలం. ఆ ఎంజైమును అడ్డుకునే లోస్మాపిమాడ్ మాత్రలు ఇస్తే టిమ్-4 మళ్ళీ పెరిగింది, అవే ముసలి మాక్రోఫేజ్‌లు చచ్చిన కణాల్ని మింగడం మొదలుపెట్టాయి.