చెక్కు మంచిదేనా అని అడిగితే బేడీలు: 2004 తీర్పు తెచ్చిన మార్పు

"ఈ చెక్కు మంచిదేనా, కాస్త చూసి చెప్పండి." అమెరికాలో బ్యాంకు కౌంటర్ దగ్గర ఈ మాట అడిగిన మనిషి బేడీలతో బయటికి నడిచిన సందర్భం ఉంది. నకిలీదని తెలియక చెక్కు తెచ్చిన కస్టమర్‌తో బ్యాంకు ఎలా నడుచుకోవాలన్న గొడవ అక్కడ మళ్లీ రాజుకుంది. మోసాలు పెరిగిపోయాయి, మా జాగ్రత్తలో మేం ఉండక తప్పదు అంటున్నాయి బ్యాంకులు. పెరిగిన మాట నిజమే. చెక్కు మోసాల అనుమానంతో బ్యాంకులు ఫిన్‌సెన్ అనే ప్రభుత్వ సంస్థకు పంపిన నివేదికలు 2021లో మూడున్నర లక్షలు దాటితే, 2022లో ఆరు లక్షల ఎనభై వేలు దాటాయి. కానీ కస్టమర్‌ని దొంగలా చూసే అలవాటు ఈ అంకెల కంటే పాతది. దానికి ధైర్యం ఇచ్చింది 2004 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు.

మోసం జరిగే తీరు అందరికీ తెలిసిందే. ఆన్‌లైన్‌లో ఏదో అమ్మకానికి పెడతాం. కొనేవాడు అడిగిన ధర కంటే ఎక్కువకు చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమంటాడు. చెక్కు దొంగదని తేలేసరికి వాడు మాయమవుతాడు. బ్యాంకు ముందు నిలబడి ఉండేది మోసపోయిన మనిషే.

2004 నాటి కేసులో అసలు మోసమే లేదు. హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) వర్గానికి చెందిన ఒక మహిళ ఒక పెట్టుబడుల సంస్థ ఇచ్చిన చెక్కును మార్చుకోవడానికి కాలిఫోర్నియా ఫెడరల్ బ్యాంకు శాఖకు వెళ్లారు. చెక్కు చూసి టెల్లర్‌కు, అంటే కౌంటర్‌లోని ఉద్యోగికి, అనుమానం వచ్చింది. ఇచ్చిన సంస్థకు ఫోన్ చేస్తే అది చెల్లదని జవాబొచ్చింది. బ్యాంకు పోలీసులను పిలిచింది. అంతలోనే ఆ సంస్థ మళ్లీ ఫోన్ చేసి, పొరపాటు పడ్డాం, చెక్కు సరైనదేనని చెప్పింది. పోలీసులు ఇక రానక్కర్లేదని బ్యాంకు కబురు చేసింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆమెను పట్టుకున్నారు, బేడీలు వేశారు, తనిఖీ చేశారు. తన డబ్బు కోసం, తన చెక్కుతో వచ్చిన మనిషికి జరిగిన మర్యాద అది.

ఆమె దావా వేశారు. తన జాతి కారణంగానే తనను అనుమానించారన్నది ఆమె ఆరోపణల్లో ఒకటి. కోర్టు ముందుకొచ్చిన అసలు ప్రశ్న వేరు: ఒకరి మీద పోలీసులకు ఫిర్యాదు చేసినందుకు, ఆ ఫిర్యాదు తప్పని తేలితే, చేసినవాళ్ల మీద దావా వేయొచ్చా? అప్పటికి కింది కోర్టుల్లో దీనిమీద ఒకే మాట లేదు. 1990లో ఒక అప్పీలు కోర్టు, రక్షణ ఉంటుంది గానీ దురుద్దేశం ఉంటే చెల్లదంది. చాలా రాష్ట్రాల్లో ఉన్న పద్ధతి కూడా ఇలాంటిదే. సదుద్దేశంతో ఫిర్యాదు చేసినవాళ్లకు భయం లేదు. కక్షతోనో వివక్షతోనో చేసినవాళ్లు జవాబు చెప్పాలి.

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ దారిలో వెళ్లలేదు. రాష్ట్ర సివిల్ కోడ్ 47వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పిన మాటకు సంపూర్ణ రక్షణ ఉందని తేల్చింది. ఏ ఉద్దేశంతో చెప్పారన్నది చూడనక్కర్లేదు. పౌరహక్కుల చట్టం కింద వేసిన వివక్ష దావాకు కూడా ఇదే వర్తిస్తుంది. దురుద్దేశంతో తప్పుడు కేసు పెట్టి నడిపించారనే దావాకు మాత్రం తలుపు తెరిచి ఉంచింది. కానీ పోలీసులు తీసుకెళ్లి, గంటల తర్వాత వదిలేసిన మనిషికి ఆ తలుపు దాదాపు పనికిరాదు. కేసు తన పక్షాన ముగిసిందని, ఫిర్యాదుకు ఆధారం లేదని, పైగా కక్షతో చేశారని, మూడూ నిరూపించాలి.

కోర్టు చెప్పిన కారణం తీసిపారేయదగ్గది కాదు. రేపు నా మీద దావా పడుతుందేమో అనే భయంతో జనం పోలీసులకు ఫోన్ చేయడం మానేస్తే నేరాలు బయటపడవు. కిటికీలోంచి దొంగను చూసిన పక్కింటివాళ్ల విషయంలో ఈ వాదన నూటికి నూరుపాళ్లు సరైనది. బ్యాంకు పరిస్థితి అది కాదు కదా. కస్టమర్ గుర్తింపు కార్డు బ్యాంకు చేతిలో ఉంటుంది, ముఖం కెమెరాలో ఉంటుంది. ఖాతా ఉంటే చిరునామా, ఫోన్ నంబరు, ఏళ్ల లావాదేవీల చరిత్ర అన్నీ తెరమీద కనిపిస్తాయి. ఆ మనిషి ఎక్కడికీ పారిపోడు. ఇన్ని ఆధారాలున్న సంస్థకూ, ఏ ఆధారం లేని పక్కింటివాళ్లకూ ఒకే రక్షణ ఇవ్వడం దగ్గరే తూకం తప్పింది.

రెండేళ్లు తిరగకుండానే దాని ఫలితం కనిపించింది. 2005 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక యువకుడు ఆన్‌లైన్‌లో సైకిళ్లు అమ్మాడు. ధర కంటే ఎక్కువకు చెక్కు వచ్చింది. అనుమానపడి, చెక్కు ఏ బ్యాంకుదో ఆ శాఖకే వెళ్లి ఇది మంచిదేనా అని అడిగాడు. ఖాతాలో డబ్బుందని కౌంటర్‌లో చెప్పారు. అయితే డబ్బు ఇవ్వండన్నాడు. చెక్కు నకిలీదన్న అనుమానంతో బ్యాంకు పోలీసులను పిలిచింది. వాళ్లొచ్చి అందరి ముందూ బేడీలు వేసి తీసుకెళ్లారు. తర్వాత కేసు కొట్టేశారు, అతను నిర్దోషి అని న్యాయమూర్తి రాసిచ్చారు. లాయర్లకు అతను పెట్టిన ఖర్చు దాదాపు 14,000 డాలర్లు. బ్యాంకు మీద దావా వేసి రాబట్టుకుందామంటే 2004 తీర్పు అడ్డం నిలిచింది.

అసలు నేరం కావాలంటే మోసం చేసే ఉద్దేశం ఉండాలని కాలిఫోర్నియా శిక్షాస్మృతి 476వ సెక్షనే చెబుతోంది. ముందుగా అడిగి తెలుసుకోవాలనుకున్న మనిషిలో ఆ ఉద్దేశం ఎక్కడ? ఆ ప్రశ్న వేసుకోవాల్సిన అవసరం బ్యాంకుకు లేకుండా చేసింది ఆ తీర్పే.

డబ్బు విషయం చూడాలంటే కాస్త వెనక్కి, 1987కు వెళ్లాలి. అంతకుముందు బ్యాంకులు చెక్కు డబ్బును రోజుల తరబడి పట్టి ఉంచేవి. జనం విసిగి గోల పెడితే అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసింది, 1988 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. క్యాషియర్ చెక్కు (బ్యాంకే తన సొమ్ము మీద రాసిచ్చే చెక్కు) లాంటివి స్వయంగా వెళ్లి వేస్తే మర్నాటి పనిదినానికే డబ్బు తీసుకోనివ్వాలి. మామూలు చెక్కులోనూ కొంత మొత్తం మర్నాడే ఇవ్వాలి. మొదట్లో 100 డాలర్లున్న ఆ మొత్తం 2025 జూలై నుంచి 275 అయింది. మంచి చట్టమే. కానీ డబ్బు తీసుకోవచ్చు అనడం వేరు, చెక్కు వసూలైంది అనడం వేరు. ఖాతాలో కనిపించేది తాత్కాలిక జమ. చెక్కు తిరిగొస్తే ఆ మొత్తాన్ని కస్టమర్ నుంచి వెనక్కి లాక్కునే హక్కు బ్యాంకుకు ఉంది. దొంగ క్యాషియర్ చెక్కులంటే మోసగాళ్లకు అంత ఇష్టం అందుకే.

కస్టమర్ ఇక చేయగలిగింది అడగడమే. న్యూయార్క్‌లో ఒక లా ఫర్మ్ అదే చేసింది. 2007లో 1,97,750 డాలర్ల చెక్కు ఖాతాలో వేసి, క్లియర్ అయిందా అని హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకును అడిగామని, అయిందన్నారని ఆ ఫర్మ్ చెప్పింది. ఆ మాట మీద 1,87,750 డాలర్లు హాంకాంగ్‌కు పంపింది. కొద్ది రోజులకే చెక్కు నకిలీదని తేలింది. 2011లో రాష్ట్ర అత్యున్నత కోర్టు నష్టం ఫర్మ్‌దేనంది. 'క్లియర్ అయింది' అనే మాటకు కచ్చితమైన అర్థం లేదు, దాన్ని నమ్ముకుని డబ్బు పంపడం సబబు కాదంది. లాయర్లకే అర్థం కాని మాట మామూలు జనానికి ఎలా అర్థమవుతుంది?

రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాంకు ఉద్యోగి బాగుందని చెప్పి పొరబడితే నష్టం కస్టమర్‌ది. బాగోలేదని పొరబడి పోలీసులను పిలిస్తే అవమానమూ, లాయరు ఖర్చూ కస్టమర్‌వే.

కాలిఫోర్నియా శాసనసభ 2020లో 47వ సెక్షన్‌ను సవరించింది. జాతి వివక్షతో పోలీసులకు చేసే దొంగ ఫోన్ల మీద ఆగ్రహం పెరిగిన కాలమది. 2021 జనవరి 1 నుంచి, అబద్ధమని తెలిసి గానీ నిజానిజాలను బొత్తిగా పట్టించుకోకుండా గానీ తప్పుడు ఫిర్యాదు చేస్తే సంపూర్ణ రక్షణ ఉండదు. ఇది మేలైన అడుగు, చిన్న అడుగు. 2004 కేసులో బ్యాంకు ఫోన్ చేసి కనుక్కుంది, తప్పు జవాబు వచ్చింది. ఆ మహిళ ఇవాళ దావా వేసినా గెలవడం కష్టమే అనిపిస్తుంది.

కస్టమర్ల తరఫు వాదన మాత్రం సులువైనది. అనుమానం వస్తే చెక్కు పక్కన పెట్టండి, రసీదు ఇవ్వండి, ఎదురుగా ఉన్న మనిషిని ఇది ఎక్కడిదని అడగండి, ఈ చెక్కు మీద మాకు నమ్మకం లేదని మొహం మీదే చెప్పండి. గోప్యత నిబంధనలు ఒప్పుకోవని బ్యాంకులు జవాబిస్తాయి. ఫెడరల్ నిబంధన దాచమన్నది ఫిన్‌సెన్‌కు అనుమాన నివేదిక పంపిన సంగతిని, దాన్ని బయటపెట్టే సమాచారాన్ని. చెక్కు దొంగదిలా ఉందన్న విషయాన్ని ఆ చెక్కు తెచ్చిన కస్టమర్‌కు చెప్పొద్దని ఆ నిబంధనలో లేదు.