మయో వద్దంటే పేచీ కాదు

షవర్మా బండి దగ్గర కాసేపు నిలబడి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. రొట్టె పరిచీ పరచగానే సీసా తలకిందులు చేసి తెల్లటి మయోనైజ్‌ను గీతలు గీతలుగా పిండుతారు. చికెన్, క్యాబేజీ తరుగు, ఊరబెట్టిన క్యారెట్ ఆ తర్వాతే వస్తాయి. చుట్టేముందు పైన ఇంకో రెండు గీతలు. కారం ఎంత వేయాలో అడుగుతారు, ఉల్లిపాయ కావాలా అని అడుగుతారు. మయో సంగతి మాత్రం అడగరు. శాండ్‌విచ్‌లోనూ అంతే, బర్గర్‌లోనూ అంతే. ఈమధ్య ఫ్రాంకీలకు, పిజ్జా ముక్కలకు కూడా పాకింది.

వద్దని చెప్పినా వేసేస్తే, అదేమిటని అడిగినప్పుడు వచ్చే జవాబు దాదాపు ఒక్కటే: "కొంచెమే పడింది సార్, తుడిచేస్తా." నాకు మయో పడదు. నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేక ఉమ్మేసిన సందర్భాలున్నాయి. పడనివాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. అందరి చేతా ఒకటే మాట పడతారు, తిండి దగ్గర పేచీలని. ఆ మాట సరైంది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ పదార్థం తయారైన తీరులోనూ, మనిషికి ఏవగింపు పుట్టే తీరులోనూ "కొంచెమే", "తుడిచేస్తా" అన్న మాటలు పనికిరాకుండా చేసే కారణాలున్నాయి.

మయోనైజ్ అంటే ముఖ్యంగా నూనె. అమెరికా ఆహార ప్రమాణాల ప్రకారం ఆ పేరు పెట్టి అమ్మాలంటే బరువులో కనీసం 65 శాతం వంటనూనె ఉండాలి. సంప్రదాయ పద్ధతిలో చేసినదాంట్లో అది 70 నుంచి 80 శాతం దాకా ఉంటుంది. మిగతాది గుడ్డు పచ్చసొన, వెనిగర్ లేదా నిమ్మరసం, ఉప్పు, కొద్దిగా ఆవపిండి. పచ్చసొనలో నూనెను చుక్కలు చుక్కలుగా పోస్తూ గిలక్కొడుతూ ఉంటే నూనె విరిగి కంటికి కనిపించనంత చిన్న బిందువులవుతుంది. పచ్చసొనలో ఉండే లెసిథిన్, కొన్ని ప్రొటీన్లు ఒక్కో బిందువు చుట్టూ పొరలా అల్లుకుంటాయి. లెసిథిన్ అణువుకు ఒక కొస నూనెతో, రెండో కొస నీటితో స్నేహం చేస్తుంది. అందుకే బిందువులు మళ్లీ ఒకటై పైకి తేలవు. ఈ రకం మిశ్రమాన్ని ఎమల్షన్ అంటారు. మనం రోజూ తాగే పాలు కూడా ఎమల్షనే, కాకపోతే పాలలో కొవ్వు నాలుగైదు శాతం, గేదె పాలైతే ఆరేడు శాతం. మయోలో నీళ్లే తక్కువ.

ఆ నిష్పత్తి దగ్గరే అసలు విశేషం ఉంది. ఒకే పరిమాణంలో ఉన్న గోళాలను ఒక పాత్రలో ఎలా పడితే అలా పోస్తే అవి పాత్రలో 64 శాతం చోటునే నింపగలవు. ఎంతో పొందికగా పేర్చినా 74 శాతం మించదు. అంతకన్నా కుక్కాలంటే గోళాలు ఒకదాన్నొకటి నొక్కుకుని ఆకారం మార్చుకోవాల్సిందే. చిక్కటి మయోలో నూనె బిందువుల పరిస్థితి ఇదే. సంక్రాంతి ముందు ఊళ్లకు బయల్దేరే బస్సులో నిలబడ్డవాళ్లలాగా, దేనికీ పక్కకు జరిగే చోటుండదు. అందుకే నూనె, నీళ్లు రెండూ ద్రవాలే అయినా రెండూ కలిసి చెంచా మీద కొమ్ములా నిలబడతాయి. గట్టిగా ఒత్తితే బిందువులు ఒకదాని మీంచి ఒకటి జారి అది ద్రవంలా కదులుతుంది. ఒత్తిడి తీసేయగానే ఉన్నచోట బిగుసుకుంటుంది. సీసా నొక్కితే ధారగా వచ్చి, రొట్టె మీద పడగానే గీతలా నిలిచిపోవడం వెనకున్న రహస్యం ఇదే. ఆ తెలుపు కూడా బిందువుల చలవే. నూనెది లేత పసుపు, సొనది ముదురు పసుపు. అంత సన్నటి బిందువులు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టడంతో కంటికి తెల్లగా కనిపిస్తుంది.

ఇప్పుడు "తుడిచేస్తా" అన్న మాట దగ్గరికి వద్దాం. టిష్యూతో తుడవడమంటే ఒత్తి లాగడమే. ఒత్తిన క్షణంలో మయో ద్రవమైపోతుంది. పల్చగా పరుచుకుని క్యాబేజీ తరుగు సందుల్లోకి, రొట్టె ముడతల్లోకి పోతుంది. చెయ్యి తీయగానే అక్కడే అతుక్కుంటుంది. పైన కనిపించే ముద్ద పోతుందే గాని పొర పోదు. ఉల్లిపాయ ముక్కలు ఏరేయొచ్చు, టమాటా చక్రాలు తీసేయొచ్చు. మయోను వెనక్కి తీసే దారి లేదు.

మరి పెరుగన్నం కమ్మగా తినేవాళ్లకు మయో ఎందుకు పడదని చాలామంది అడుగుతారు. రెండూ తెల్లగా, చల్లగా, మెత్తగానే ఉంటాయి, నిజమే. కానీ లోపలి అల్లిక పూర్తిగా వేరు. పెరుగులో పాల ప్రొటీన్ వలలా అల్లుకుని ఆ వల మధ్య నీళ్లు పట్టి ఉంచుతుంది. నాలుక తగలగానే వల చెదిరి నీళ్లు వదులుతుంది, లాలాజలంతో కలిసి గొంతు దిగిపోతుంది. మయోలో ఉన్నది నూనె కాబట్టి అది నాలుకకూ అంగిలికీ పూతలా పట్టుకుంటుంది. ఇష్టమైనవాళ్లు ఆ పూతనే కమ్మదనం అంటారు. పడనివాళ్లకు అది జిడ్డు, మింగాక కూడా నోరు వదలని జిడ్డు. ఒకే అనుభూతికి ఇద్దరు రెండు తీర్పులు చెబుతున్నారు. ఇందులో ఎవరి నాలుకా తప్పు కాదు.

ఆ పూత ఇంకో పని కూడా చేస్తుంది. మిరపకాయకు మంటనిచ్చే క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది. మసాలా దినుసుల పరిమళాలు కూడా ఎక్కువగా నూనెలో కరిగేవే. పక్కన అంత నూనె ఉంటే అవి కొంతవరకు అందులోనే చిక్కుకుని నెమ్మదిగా బయటికొస్తాయి. కారం చల్లారుతుంది, వాసన మందగిస్తుంది. కారం ఓర్వలేనివాళ్లకు ఇది వరమే. కానీ మసాలా పట్టించి నిప్పుల మీద కాల్చిన కోడి ముక్క మీద పావు అంగుళం మయో పూయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆ ముక్క కోసం వంటవాడు పడిన కష్టం సగం ఆ తెల్లపూత కిందే ఉండిపోతుంది.

హోటళ్లు దాన్ని ఎందుకంత ఇష్టపడతాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఎండిపోయిన చికెన్ తరుగు కూడా మయోతో తడిగా అనిపిస్తుంది. తరుగు రాలిపోకుండా పట్టి ఉంచుతుంది. బ్రెడ్డు మీద నూనె పొర ఉంటే టమాటా నీళ్లు లోపలికి దిగవు, శాండ్‌విచ్ త్వరగా నానదు. వీటన్నిటికీ వేరే దారులూ ఉన్నాయి. లెబనాన్‌లో చికెన్ షవర్మాకు వేసే తూమ్ వెల్లుల్లి, నూనె, నిమ్మరసం, ఉప్పుతో చేస్తారు. గుడ్డు అసలు ఉండదు. అదీ ఎమల్షనే, కానీ వెల్లుల్లి ఘాటు ముందుంటుంది. మన ఊళ్లకు వచ్చేసరికి ఆ చోటును చాలావరకు మయో ఆక్రమించింది.

రుచి నచ్చకపోవడం వేరు, ఏవగింపు వేరు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ ఈ తేడా మీద దశాబ్దాల పాటు పనిచేశారు. కాకరకాయ చేదు పడనివాళ్లు ముక్కలు పక్కకు నెట్టి పులుసు కలుపుకుంటారు. అది రుచి నచ్చకపోవడం. ఏవగింపు అలా ఆగదు. అది తాకిన ప్రతిదానికీ అంటుకుంటుంది. 1986లో రోజిన్ బృందం ప్రచురించిన ప్రయోగం దీన్ని తేటగా చూపించింది. క్రిములేవీ లేకుండా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను పళ్లరసంలో ముంచి తీశారు. రసం రుచి మారలేదు, రోగం వచ్చే ప్రమాదం లేదు. అంతకుముందు ఆ రసాన్ని ఇష్టంగా తాగినవాళ్లకే ఇప్పుడు అది తాగబుద్ధి కాలేదు. ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్లలో పెరిగిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఎంగిలి చెయ్యి పడిన గిన్నెలో ఎంత పడిందని ఎవరూ కొలవరు. మయో అంటే ఏవగింపు ఉన్న మనిషికి "కొంచెమే" అన్న మాట ఓదార్పు కాకపోవడానికి కారణం ఇదే. ఆ మనసు పరిమాణాన్ని లెక్కపెట్టడం లేదు, తాకిందా లేదా అన్నదే చూస్తోంది.

1872లో చార్లెస్ డార్విన్ కూడా ఇలాంటి గమనిక ఒకటి రాశారు. సూప్‌లో అసహ్యపడాల్సింది ఏమీ లేదు, అదే సూప్ మనిషి గడ్డానికి అంటుకుని కనిపిస్తే అసహ్యం వేస్తుంది. అంటే వస్తువు ఒక్కటే కాదు, అది ఎక్కడుంది, ఎలా ఉంది అన్నదీ లెక్కే. బయట పెట్టిన మయో అంచు పసుపెక్కి నూనె తేలడం చూసినవాళ్లకు దాని మీద మనసు విరిగిపోవడంలో వింతేముంది?

కొందరి అయిష్టం మధ్యలో మొదలవుతుంది. నిన్నటిదాకా తిన్నవాళ్లు ఒక్కసారి వాంతులు, విరేచనాలతో పడకేశాక మళ్లీ ముట్టరు. దీనికి పునాది 1955లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గార్సియా చేసిన ఎలుకల ప్రయోగంలో ఉంది. తియ్యటి శాకరిన్ నీళ్లు తాగుతున్న ఎలుకలకు వికిరణం సోకేలా చేశారు. దానివల్ల ఒంట్లో బాగోలేని ఎలుకలు ఆ తర్వాత తియ్యటి నీళ్లను వదిలేశాయి. తిన్నదానికీ వికారానికీ మధ్య గంటల ఎడం ఉన్నా, ఒక్కసారి జరిగినా మెదడు ముడి వేసేస్తుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అలవాటైన తిండి కన్నా కొత్త రుచి మీదకే ఆ నింద సులువుగా పోతుంది. కలుషితమైన తిండితో సోకే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కడుపులో చేరాక లక్షణాలు బయటపడడానికి 6 గంటల నుంచి 3 రోజుల దాకా పడుతుంది. కాబట్టి మెదడు పట్టుకున్న దొంగ ఒక్కోసారి అసలు దొంగ కాకపోవచ్చు. అయినా ఆ ముడి వాదనతో విడిపోదు.

అయితే మయో విషయంలో ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. హైదరాబాద్‌లో మోమోలు తిన్న పదుల మంది జబ్బుపడి, ఒక మహిళ చనిపోయాక, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ తయారీ, నిల్వ, అమ్మకాలను ఏడాది పాటు నిషేధించింది. పాశ్చరైజ్ చేసిన, అంటే మితమైన వేడితో క్రిములను చంపిన గుడ్లతో చేసినదానికి మినహాయింపు ఇచ్చింది. కేరళ అంతకుముందే 2023 జనవరిలో పచ్చిగుడ్డు మయోను ఆపేసింది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాది నిషేధం పెట్టింది.

గుడ్డు పెంకును ఎంత కడిగినా లాభం లేదు. సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే రకం కోడి అండాశయానికే సోకగలదు, పెంకు కట్టకముందే లోపల చేరగలదు. మయోలో దాన్ని అదుపు చేసేది పులుపు. పులుపును కొలిచే పీహెచ్ అంకె (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గరికి దిగితే ఆ బ్యాక్టీరియా పెరగలేదు, మెల్లగా చచ్చిపోతుంది. ఒకే పీహెచ్ దగ్గర నిమ్మరసం కన్నా వెనిగర్ బలంగా పనిచేస్తుంది, ఎందుకంటే అందులోని ఎసిటిక్ ఆమ్లం బ్యాక్టీరియా గోడ దాటి లోపలికి దూరగలదు. కానీ చిన్న వంటగదిలో పులుపును కొలిచేది నాలుకే. తినేవాళ్లకు కమ్మగా ఉండాలని వెనిగర్ తగ్గిస్తారు. ఆ మయోను చికెన్‌తో, కూరగాయలతో కలిపితే పులుపు ఇంకా పల్చబడుతుంది. మన ఎండాకాలపు వేడిలో, అడ్డుకునే పులుపు లేనిచోట, సాల్మొనెల్లా అరగంటకోసారి రెట్టింపవుతుందనుకుంటే 8 గంటల్లో ఒక్క కణం 65,536 కణాలవుతుంది. మధ్యాహ్నం కలిపి రాత్రి దాకా వాడే గిన్నెలో జరిగేది ఇదే.

పాశ్చరైజేషన్ ఇంట్లోనో బండి మీదో చేసుకునే పని కాదు. అమెరికాలో గుడ్డు ద్రవాన్ని 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడున్నర నిమిషాలు ఉంచుతారు. ఇంకొద్ది డిగ్రీలు పెరిగితే తెల్లసొన గడ్డకట్టడం మొదలవుతుంది. అంత సన్నని హద్దును గ్యాస్ పొయ్యి మీద పట్టుకోలేం. అందుకే కర్మాగారంలో చేసి సీసాలో వచ్చే మయో, బండి వాడి తాజా మయో కన్నా భద్రం. తాజాగా చేసిందే మంచిదని నమ్మే మనకు ఇది మింగుడుపడని మాటే గాని నిజం.

గుడ్డు లేని మయోలో సోయా లేదా పాల ప్రొటీన్లు, పిండి పదార్థాలు, శాంథన్ గమ్ అనే జిగురు వాడతారు. ఆ జిగురును తయారుచేసేది శాంథోమోనాస్ కాంపెస్ట్రిస్ అనే బ్యాక్టీరియా, క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చేది కూడా అదే. జిగురు మనుషులకు హానికరం కాదు. దీనివల్ల పచ్చిగుడ్డు భయం తీరుతుంది, శాకాహారుల ఇబ్బంది తీరుతుంది. జిడ్డు, పూత పడనివాళ్లకు మాత్రం ఒరిగేదేమీ లేదు.

అలర్జీ ఉన్నవాళ్ల సంగతి వీటన్నిటికన్నా తీవ్రమైంది. గుడ్డు, పాలు, సోయా, ఆవాలు, ఇవన్నీ కొందరి ఒంటికి సరిపడనివే. ఏదో ఒక రకం మయోలో వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. తుడిచేసిన రొట్టె, అదే చేతి గ్లోవు, అదే చెంచా వాళ్లను ఆస్పత్రికి చేర్చగలవు. పది, అంతకన్నా ఎక్కువ శాఖలున్న హోటళ్లు కేలరీలు, అలర్జీ కలిగించే పదార్థాలు మెనూలో చూపాలన్న నిబంధన మన దేశంలో 2022 జులై నుంచి ఉంది. వీధి కౌంటర్లకు అది వర్తించదు. అక్కడ ఉన్న రక్షణ ఒక్కటే, వేసేముందు అడగడం.

ఇది ఆచరణలో కష్టమైనదేం కాదు. మండీ (అన్నం, మాంసం ఒకే పెద్ద పళ్లెంలో పెట్టే అరబ్బు వంటకం) పెట్టే చాలా హోటళ్లలో మయో చిన్న కప్పులో విడిగా వస్తుంది, పక్కనే టమాటా చట్నీ కప్పు ఉంటుంది. ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నవాళ్లలో ఇద్దరు మయోను ముట్టుకోరు, ముగ్గురు ఇంకో కప్పు తెమ్మంటారు. అన్నం, మాంసం అందరికీ ఒకటే. పైగా కప్పులు అడిగినప్పుడల్లా ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తే సరిపోతుంది, గిన్నె రాత్రి దాకా పొయ్యి పక్కన ఉండాల్సిన అవసరమే రాదు.