అద్దెకు ఇవ్వడం దోపిడీయేనా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో అద్దె తగాదాలు చూసే న్యాయవాదిని. నా దగ్గరికి ఇంటివారూ వస్తారు, అద్దెకున్నవారూ వస్తారు. ఇరువైపులా గట్టిగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాల సంగతి ఇది.

అపోహ: ఇల్లు అద్దెకు ఇవ్వడమంటే ఎదుటివాడి కష్టం మీద కూర్చుని తినడమే.

వాస్తవం: ఇక్కడ దాసన్నపేటలోనో కంటోన్మెంటులోనో పై వాటా అద్దెకిచ్చి, కింది వాటాలో తాముండేవారే నాకు ఎక్కువగా కనిపిస్తారు. అందులో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులే చాలామంది. లెక్క చూద్దాం. 60 లక్షల ఇల్లు నెలకు 12 వేలకు ఇస్తే ఏడాదికి 1,44,000 రూపాయలు, అంటే 2.4 శాతం. బ్యాంకు డిపాజిట్టే నయం. అదే 60 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పుగా తెస్తే నెల వాయిదా 52 వేలు దాటుతుంది. కాబట్టి అద్దె కట్టేవాడు డబ్బు గంగలో పోస్తున్నాడనడం సరికాదు. అయితే స్థలం ధర పెరిగితే ఆ లాభం మొత్తం యజమానిదే. ఆ మాట దాచి ‘నాకేం మిగులుతోందండీ’ అనేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

అపోహ: 11 నెలల అగ్రిమెంటు ముగియగానే ఖాళీ చేయించవచ్చు, లేదంటే తాళం వేయవచ్చు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. ఏడాదికి మించిన లీజును రిజిస్ట్రేషన్ చట్టం, 1908 ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే 11 నెలలకు రాసుకునే అలవాటు వచ్చింది, అయితే ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ ప్రకారం ఎంత గడువు లీజునైనా రిజిస్టర్ చేయించాల్సిందే. గడువు దాటాక కూడా ఇంటివారు అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దెగా కొనసాగుతుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 106వ సెక్షన్ ప్రకారం దాన్ని ముగించాలంటే కనీసం 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చినా కదలకపోతే కోర్టుకు వెళ్లాలి తప్ప సామాను వీధిలో పెట్టకూడదు, నీళ్ల మోటారు ఆపకూడదు. బలవంతంగా వెళ్లగొడితే, ఆరు నెలల్లోపు నిర్దిష్ట ఉపశమన చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి కోరవచ్చు, అదీ ఇంటి యజమాని మీదే. ఇది తెలియక, ఆషాఢంలో ఇల్లు దొరక్క, పాలు పొంగించుకోవడానికి మంచిరోజు లేక, అర్ధరాత్రి బంధువుల ఇంటికి చేరిన కుటుంబాలను చూశాను.

అపోహ: 12 ఏళ్లు ఉంటే ఇల్లు అద్దెకున్నవారిదే.

వాస్తవం: కాదు. యజమాని అనుమతితో ఉన్నవారికి ఎన్నేళ్లయినా ఆ హక్కు రాదు. ఈ భయంతోనే చాలామంది ఇంటివారు మంచి కుటుంబాలను కూడా ఏడాదికోసారి మార్చేస్తున్నారు. అనవసరపు భయం, అనవసరపు కష్టం.

అపోహ: అడ్వాన్సులో రంగుల ఖర్చు పట్టుకోవడం మామూలే.

వాస్తవం: మామూలే, కానీ న్యాయం కాదు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెకున్నవారి బాధ్యత కాదని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. మేకులు దిగ్గొట్టి గోడ పాడుచేస్తే వేరు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. అయితే రాష్ట్రం చట్టంగా తెస్తేనే అది అమలవుతుంది. ఈలోగా డబ్బు ఇచ్చిన రోజే రసీదు తీసుకుని, గోడలు, కుళాయిలు, కిటికీలు ఫోటో తీసి ఇంటివారికి పంపడమే దారి. విద్యార్థులు ఈ పని చేయకుండానే నా దగ్గరికి వస్తారు.

అపోహ: కరెంటు బిల్లు ఇంటివారు చెప్పినంతే.

వాస్తవం: నా అభిప్రాయంలో అసలు అన్యాయం ఎక్కువగా దాగేది ఇక్కడే. యూనిట్లు పెరిగేకొద్దీ ధర పెరిగే శ్లాబులు మనవి. రెండు వాటాలకు ఒకే మీటరు ఉంటే ఇద్దరి వాడకం కలిసి పై శ్లాబులోకి వెళుతుంది. దాన్ని చూపించి ఇంటివారు అన్ని యూనిట్లకూ ఆ పై శ్లాబు రేటే వేస్తే, ఫ్యాను, రెండు బల్బులు వాడే చిన్న కుటుంబం రెండో వాటా ఏసీ బిల్లులో భాగం పంచుకున్నట్టే. అందుకే దిగే ముందే వేరే మీటరు ఉందా అని అడగండి. లేకపోతే నెలనెలా అసలు బిల్లు చూపించాలని, మొత్తాన్ని సబ్ మీటరు (ఒక్కో వాటా వాడకం విడిగా చూపే చిన్న మీటరు) యూనిట్ల నిష్పత్తిలో పంచుకోవాలని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి.