ఓడాక నవ్విందంటే పట్టింపు లేనట్టేనా? అపోహలు - వాస్తవాలు

మనవాళ్లు ఏదైనా పెద్ద మ్యాచ్ ఓడిన మర్నాడు నా ఫోన్‌కి వీడియోలు వస్తాయి. పంపేది మా దగ్గరికొచ్చే పిల్లల తల్లిదండ్రులే. స్లో మోషన్‌లో పెట్టి, ముఖం చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి ఉంటుంది. "ఫైనల్ ఓడిపోయి ఎలా నవ్వుతోందో చూడండి మేడమ్, ఇంకేం పట్టింపు?" అని కింద ఒక లైను. అదే వారాంతంలో తమ పిల్ల ఓడి కోర్టు బయటికొస్తే అదే చూపుతో చూస్తారు. హైదరాబాద్‌లో బ్యాడ్మింటన్, టెన్నిస్ పిల్లలతో స్పోర్ట్స్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న నాకు ఈ రెండోదే ఎక్కువ బాధ. టీవీ ముందు మనం స్టార్ల గురించి అనే మాటలు స్టార్ల దాకా వెళ్లవు. పక్క సోఫాలో కూర్చున్న పిల్లలు మాత్రం వింటారు.

అపోహ: ఓడిన క్షణంలో ముఖం చూస్తే ఆట మీద ఎంత పట్టింపు ఉందో తెలిసిపోతుంది

తెలియదు. పట్టింపు సంగతి అటుంచండి, గెలిచారో ఓడారో కూడా ముఖాన్ని బట్టి చెప్పలేం. 2012లో సైన్స్ పత్రికలో అవియెజర్ బృందం అధ్యయనం ఒకటి వచ్చింది. ప్రొఫెషనల్ టెన్నిస్ ఆటగాళ్లు కీలకమైన పాయింటు గెలిచినప్పుడు, పోగొట్టుకున్నప్పుడు తీసిన ఫొటోల్లోంచి ముఖాలు మాత్రమే కత్తిరించి చూపిస్తే, ఏది గెలుపో ఏది ఓటమో జనం పోల్చుకోలేకపోయారు. శరీరం మాత్రమే చూపిస్తే చెప్పగలిగారు. గెలిచినవాడి ముఖాన్ని ఓడినవాడి శరీరానికి అతికిస్తే, శరీరాన్ని బట్టే తీర్పు చెప్పారు. పైగా ముఖంలోనే చూశామనుకున్నారు.

మరి శరీరమైనా పట్టింపుకి కొలతా? అదీ కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, పారాలింపిక్స్ జూడో పోటీల ఫొటోలను ట్రేసీ, మత్సుమోతో పరిశీలించారు. ఓడినప్పుడు భుజాలు జారిపోవడం, ఛాతీ ముడుచుకోవడం పుట్టుకతోనే చూపులేని ఆటగాళ్లలోనూ కనబడింది. అంటే ఎవరినీ చూసి నేర్చుకున్నది కాదు. పాశ్చాత్య దేశాల్లో చూపున్న ఆటగాళ్లలో మాత్రం ఆ కుంగుబాటు తక్కువగా కనబడింది. సిగ్గు పైకి కనబడనివ్వకూడదని వాళ్లకు ఆ సమాజం నేర్పి ఉంటుందని పరిశోధకుల వివరణ. బయటికి కనబడేదాంట్లో పెంపకం పాలు చాలా ఉంది. పట్టింపు పాలెంతో విడదీసి చెప్పగల మొనగాడెవరూ లేరు, నాతో సహా.

ఆఖరి పాయింటు పడినంత మాత్రాన శరీరానికి మ్యాచ్ అయిపోదు. గుండె దడ తగ్గదు, చేతుల వణుకు ఆగదు. అప్పుడు ఒకరికి ఏడుపొస్తుంది, ఒకరికి నవ్వొస్తుంది, ఇంకొకరు బిగుసుకుపోతారు. ఒకే మనిషికి ఒక్కో రోజు ఒక్కోటి.

సింధునే తీసుకోండి. 2016 ఆగస్టు 19, రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్. గెలిచిన మరీన్ కోర్టు మీద పడి ఏడుస్తుంటే సింధు వెళ్లి కౌగిలించుకుంది. కింద పడి ఉన్న మరీన్ రాకెట్ తీసి ఆమె బ్యాగు దగ్గర పెట్టింది. దేశమంతా మెచ్చుకుంది, ఎంత హుందాతనం అని. ఆ తర్వాత 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహరాతో 110 నిమిషాలు పోరాడి 19-21, 22-20, 20-22తో ఓడింది. 2018లో కామన్వెల్త్ క్రీడల ఫైనల్ సైనాకి, నాన్‌జింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ మరీన్‌కి, ఆసియా క్రీడల ఫైనల్ తై జు యింగ్‌కి పోయాయి. అదే హుందాతనం అప్పటికి కసి లేనితనం అయిపోయింది. "సిల్వర్ సింధు" అన్న పేరొచ్చింది. 2019లో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అదే ఒకుహరాని 21-7, 21-7తో ఓడించాక ఆ నోళ్లన్నీ మూతపడ్డాయి. ఈ మూడేళ్లలో మారింది స్కోరు. మనం ముఖం మారిందనుకున్నాం.

2022లో మనీలాలో ఆసియా ఛాంపియన్‌షిప్స్ సెమీస్. యమగూచి మీద మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో 14-11 ఆధిక్యంలో ఉండగా సర్వీస్ ఆలస్యం చేసిందని అంపైర్ ఒక పాయింటు యమగూచికి ఇచ్చేశాడు. సింధు వాదించింది, మ్యాచ్ ఓడింది, కన్నీళ్లు పెట్టుకుంది. "ఓటమి తట్టుకోలేకపోతోంది" అన్నవాళ్లు నాకు వ్యక్తిగతంగా తెలుసు. కొన్ని నెలలకు బ్యాడ్మింటన్ ఆసియా సాంకేతిక కమిటీ పొరపాటు జరిగిందని ఆమెకు క్షమాపణ చెప్పింది. ఆ వార్తని మాత్రం నాకెవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఈ అపోహ ఇంట్లో చేసే నష్టం గురించి చెప్తాను. వివరాలు మార్చాను. అండర్-15 ఆడే బాబు ఒకడు, నిద్ర పట్టట్లేదని తీసుకొచ్చారు. కొన్ని సెషన్లయ్యాక అసలు మాట బయటపడింది. ఎప్పుడో క్వార్టర్స్ ఓడిపోయి బయటికొచ్చి, స్నేహితుడు ఏదో అంటే నవ్వాడట. గ్యాలరీలోంచి నాన్న చూశాడు. కార్లో ఇంటికెళ్లేదాకా అదే పాట: "సిగ్గనిపించట్లేదా? ఇంత ఖర్చు పెడుతుంటే నీకు ఆటగా ఉందా?" అప్పట్నుంచి ఓడిన ప్రతిసారీ వీడు ముందు నాన్న ఎక్కడున్నాడో వెతికి, చూసి, అప్పుడు తల దించుకుంటాడు. "ఇప్పుడు 17-19 ఉన్నప్పుడే ముఖం ఎలా పెట్టాలా అని ఆలోచన వస్తుంది మేడమ్" అన్నాడు. ఆ స్కోరు దగ్గర వాడు చూడాల్సింది ఎదుటివాడి రాకెట్‌ని.

ఆ నాన్న చెడ్డవాడేం కాదు. తెల్లవారకముందే లేచి కొడుకుని గచ్చిబౌలి తీసుకెళ్లి, అక్కణ్ణుంచి షాపుకి పోతాడు. షటిల్స్‌కి, ఎంట్రీ ఫీజులకి, ఊరూరా టోర్నమెంట్లకి అప్పు కూడా చేశాడు. పిల్లవాడు బాధపడినట్టు కనబడితే తన కష్టం వాడికి అర్థమైందని ఆయనకొక ధైర్యం. ఆ ధైర్యం కోరుకోవడం తప్పు కాదు. దాన్ని పిల్లవాడి ముఖంలో వెతక్కండి అంటాను, అంతే. ప్రాక్టీసుకి తనంతట తాను లేస్తున్నాడా? ఓడిన మ్యాచ్ వీడియో ఎప్పుడో ఒకప్పుడు తనే అడిగి చూస్తున్నాడా? కోచ్ చెప్పిన మార్పు నెలకైనా ఆటలో కనబడుతోందా? పట్టింపు అక్కడ దొరుకుతుంది.

ఓడిన రోజు కార్లో మ్యాచ్ ఊసెత్తకండి. నీళ్లు, తిండి, వాడికిష్టమైన పాటలు. వాడే మొదలుపెడితే వినండి. మీ విశ్లేషణ మర్నాటిదాకా ఆగగలదు.

అపోహ: మగాడు మైదానంలో ఏడిస్తే మానసికంగా బలహీనుడు

1996 క్రికెట్ ప్రపంచకప్‌లో ఈడెన్ గార్డెన్స్ సెమీస్ ఓడినప్పటి కాంబ్లీ కన్నీళ్ల దగ్గర్నుంచీ వింటున్న మాట. మన సిరాజ్ 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఓడాక అందరి ముందూ ఏడ్చాడు. 2025 జులైలో లార్డ్స్ టెస్టులో ఆఖరి వికెట్‌గా ఔటై, 22 పరుగుల ఓటమి ముందు పిచ్ మీదే కూలబడ్డాడు. ఇంగ్లండ్ ఆటగాళ్లు వచ్చి ఓదార్చారు. ఆగస్టు 4న ఓవల్‌లో అతనే చివరి వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించాడు. అలాగని ఏడ్చినవాడే గెలుస్తాడని కొత్త పోస్టులు మొదలుపెట్టకండి, దయచేసి. కన్నీళ్లకీ తర్వాతి ఆటకీ అటూ ఇటూ ముడి లేదు.

అపోహ: చేయి కలపకపోతే పొగరు

ఒక్కోసారి పొగరే. కానీ 2023 వింబుల్డన్‌లో ఉక్రెయిన్ క్రీడాకారిణి స్వితోలినా చేతిలో ఓడిన బెలారస్ అమ్మాయి అజరెంకాని జనం ఎగతాళి అరుపులతో సాగనంపారు. యుద్ధం వల్ల రష్యా, బెలారస్ ఆటగాళ్లతో చేయి కలపనని స్వితోలినా ముందునుంచీ చెబుతోంది. అజరెంకా ఆ మాటని గౌరవించి దూరం నుంచే చెయ్యెత్తి వెళ్లిపోయింది. అరిచినవాళ్లలో ఎందరికి తెలుసు ఈ సంగతి?

అపోహ: క్లిప్ అబద్ధం చెప్పదు

2025 నార్వే చెస్‌లో గుకేశ్ చేతిలో ఓడి కార్ల్‌సన్ బల్ల గుద్దిన క్లిప్ చూడనివారు లేరు. వెంటనే చేయి కలిపాడు, వెళ్తూ గుకేశ్ వీపు తట్టాడు. ఆ ముక్క చాలా క్లిప్పుల్లో లేదు. బల్ల గుద్దడం బాగుందని నేననను. పూర్తిగా చూసి మాట్లాడమంటాను.

అపోహ: ప్రెస్ మీట్‌కి రానివాళ్లు తప్పించుకునేవాళ్లు

గ్రాండ్‌స్లామ్‌లలో అది నిబంధన, రాకపోతే జరిమానా. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో జపాన్ టెన్నిస్ స్టార్ ఒసాకా మొదటి మ్యాచ్ గెలిచి కూడా వెళ్లలేదు, 15 వేల డాలర్లు కట్టమన్నారు. తర్వాత ఆమె టోర్నీ నుంచే తప్పుకుంది, కొన్నేళ్లుగా డిప్రెషన్‌తో ఇబ్బంది పడుతున్నానని అప్పుడు చెప్పింది. అప్పటిదాకా ఆమెను గారాలపట్టి అన్నవాళ్లు ఆ ఒక్క వాక్యంతో ఇబ్బందిపడ్డారు.

అపోహ: ఓడాక మామూలుగా ఉంటే కంగారుపడాలి, ఏడిస్తే ఆరోగ్యం

ఏడ్చినా, నవ్వినా, గంట సేపు మాట్లాడకపోయినా కంగారు వద్దు. టోర్నమెంట్ ముందురోజు ప్రతిసారీ కడుపునొప్పి అంటుంటే, వారాల తరబడి నిద్ర, తిండి దెబ్బతింటే, దెబ్బ తగిలినా దాచిపెట్టి ఆడుతుంటే, "ఎలాగూ ఓడిపోతాను" అన్న మాట డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితా) రాకముందే వస్తుంటే అప్పుడు సైకాలజిస్టుకి చూపించండి. బతకాలని లేదన్నట్టు ఏ మాటన్నా అదే రోజు తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు మ్యాచ్ వీడియోలు తేనక్కర్లేదు. కార్లో ఏం మాట్లాడుకుంటారో చెబితే చాలు.