అన్నంతో పేచీ లేదు, గ్యాస్ మందుతోనే

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మందుల డబ్బా చేతికందగానే చాలామంది అడిగే మాట ఒకటే: "తిన్నాక వేసుకోవాలా, తినకముందా?"

ఇప్పుడు మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇస్తున్నది టీఎల్‌డీ మాత్ర. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 కలిపి ఒకే బిళ్ల. రోజుకు ఒకటి. ఇడ్లీ తిని వేసుకున్నా సరే, పరగడుపున వేసుకున్నా సరే, పనిచేస్తుంది. భోజనంతో వేసుకుంటే డోలుటెగ్రావిర్ కొంచెం ఎక్కువే ఒంటబడుతుంది గానీ, దానివల్ల నష్టమేమీ లేదు. మొదట్లో వికారంగా అనిపించేవాళ్లకు తిన్నాక వేసుకోవడమే హాయి.

అయినా "రాత్రి పడుకునే ముందు, ఖాళీ కడుపుతో" అనే మాట ఇంకా వినిపిస్తుంటుంది. అది ఊరికే పుట్టలేదు. టీఎల్‌డీకి ముందు ఇచ్చిన మాత్రలో డోలుటెగ్రావిర్ స్థానంలో ఎఫావిరెంజ్ ఉండేది. కొవ్వు బాగా ఉన్న భోజనంతో ఎఫావిరెంజ్ మాత్ర మింగితే రక్తంలో దాని గరిష్ఠ స్థాయి దాదాపు 80 శాతం పెరుగుతుంది. మందు ఎక్కువ ఒంటికి పడితే మంచిదే కదా అనుకుంటాం. కానీ ఎఫావిరెంజ్ మెదడు మీదా పనిచేస్తుంది: తల తిరుగుడు, మత్తు, ఉలిక్కిపడి లేచేంత స్పష్టమైన కలలు. పెళ్లిలో బిర్యానీ తినొచ్చి ఆ మాత్ర వేసుకుంటే ఈ తిప్పలన్నీ ఇంకా పెరిగే అవకాశం ఉండేది. అందుకే ఖాళీ కడుపు. తూలుడేదో నిద్రలోనే గడిచిపోతుందని పడుకునే ముందు. 2020 తర్వాత మందు మారింది, అలవాటు మాత్రం ఉండిపోయింది.

హెచ్‌ఐవీ మందులన్నీ టీఎల్‌డీ అంత సర్దుకుపోయే రకం కావు. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఇండినావిర్‌ను ఎనిమిది గంటలకోసారి, ఖాళీ కడుపుతో వేసుకోవాల్సి వచ్చేది. పైగా కిడ్నీలో రాళ్లు పడకుండా రోజుకు కనీసం లీటరున్నర నీళ్లు తాగాలి. రిల్పివిరిన్ దీనికి పూర్తిగా తలకిందులు. దాన్ని సరైన భోజనంతోనే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే రక్తంలోకి చేరేది 40 శాతం తగ్గుతుంది. ఒక ప్రొటీన్ డ్రింక్ తాగి తిన్నామనుకుంటే అదీ చాలదు. మన దగ్గర మొదటి మందులు పనిచేయనప్పుడు రెండో వరస చికిత్సలో ఇచ్చే అటజనావిర్‌నూ తిండితోనే వేసుకోవాలి. కాబట్టి పక్కింటాయనకు చెప్పిన పద్ధతి మనకు పనికిరాకపోవచ్చు. ముందు మన మాత్ర పేరేమిటో తెలియాలి.

ఇక డోలుటెగ్రావిర్ సంగతి. వైరస్ మన కణంలోకి దూరాక తన డీఎన్‌ఏను మన డీఎన్‌ఏలో అతికిస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పేరు ఇంటిగ్రేజ్. దాని పని జరిగే చోట రెండు మెగ్నీషియం అయాన్లు ఉండాలి, అవి లేనిదే అతుకు పడదు. డోలుటెగ్రావిర్ వెళ్లి సరిగ్గా ఆ రెండు అయాన్లనే తన ఆక్సిజన్ పరమాణువులతో పట్టేసుకుంటుంది. ఎంజైమ్ అక్కడితో ఆగిపోతుంది. అంటే లోహాన్ని పట్టుకోవడమే ఈ మందు బలం.

చిక్కూ అక్కడే. కడుపులో అల్యూమినియం, మెగ్నీషియం, ఐరన్, కాల్షియం ఎదురైతే అక్కడే వాటిని పట్టుకుని కూర్చుంటుంది. అలా ముడిపడిన మందు పేగు గోడ దాటి రక్తంలోకి సరిగా వెళ్లదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌తో, అంటే కడుపులోని ఆమ్లాన్ని విరిచే గ్యాస్ మందుతో, కలిపి వేసుకుంటే ఒంటికి పట్టే డోలుటెగ్రావిర్ 74 శాతం తగ్గింది. ఖాళీ కడుపుతో ఐరన్ మాత్రతో పాటు మింగితే 54 శాతం, కాల్షియం మాత్రతో అయితే 39 శాతం. ఇది మాత్రల్లోని కాల్షియం సంగతి, పెరుగన్నం గురించి టెన్షన్ అక్కర్లేదు.

మనవాళ్లు కడుపు ఉబ్బరానికి వాడే ప్రతిదాన్నీ 'గ్యాస్ మందు' అనే అంటారు. మందుల షాపువాళ్లూ అడగ్గానే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. జెలుసిల్, డైజీన్ లాంటివాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వేరే రకం. అవి కడుపులో ఆమ్లం తయారీని తగ్గిస్తాయి, వాటిలో పట్టుకోవడానికి లోహం లేదు కాబట్టి డోలుటెగ్రావిర్‌కు అడ్డు రావు. తమాషా ఏమిటంటే రిల్పివిరిన్‌తో ఇవే అస్సలు కుదరవు, ఎందుకంటే ఆ మందు కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. అందుకే షాపులో 'గ్యాస్ మందు' అని కాకుండా పేరు చదివి తీసుకోవడం మేలు.

నా దృష్టిలో వీటన్నిటికన్నా పెద్ద నష్టం "ఇవాళ తినలేదు కదా" అని మాత్ర మానేయడం. ఏకాదశి ఉపవాసమైనా టీఎల్‌డీ మానక్కర్లేదు. రంజాన్ నెలలో సహరీకో ఇఫ్తార్‌కో ఒక వేళ పెట్టుకుంటే సరిపోతుంది. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు, తర్వాతి మోతాదుకు నాలుగు గంటలలోపే ఉంటే మాత్రం మర్చిపోయినదాన్ని వదిలేయాలి. రెండు మాత్రలు ఒకేసారి వేసుకోకూడదు.

ఖాళీ కడుపుతో వేసుకునే పాత అలవాటు గట్టిగా దెబ్బతీసేది గర్భిణుల విషయంలో. వాళ్లకు ఐరన్, కాల్షియం తప్పనిసరి. ఎనిమిదింటికి భోంచేసి, పదింటికి ఖాళీ కడుపుతో కాల్షియం మాత్రా టీఎల్‌డీ కలిపి మింగితే మందులో మూడో వంతుకు పైగా వృథా. అదే రెంటినీ రాత్రి భోజనంతో పాటే వేసుకుంటే ఇబ్బంది లేదు, కడుపులో తిండి ఉన్నప్పుడు కాల్షియం, ఐరన్ మాత్రలు డోలుటెగ్రావిర్‌ను అంతగా అడ్డుకోవు. యాంటాసిడ్‌కు ఈ సడలింపు వర్తించదు. ఐరన్‌ను మధ్యాహ్నానికి పెట్టుకోవచ్చు. ఏ మాత్ర ఏ పూటో ఏఆర్‌టీ సెంటర్ డాక్టరుతో ఒకసారి కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాన్ని కాన్పుల డాక్టరుకూ చూపిస్తే సరి.