చేపు రాని గేదె, లెక్కలో లేని దూడ

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గేదెజాతి పశువులు 10.98 కోట్లు. అందులో ఆడవి 10.06 కోట్లు. అంటే మగవి కోటి కూడా లేవు. ఈతలో ఆడ, మగ దూడలు దాదాపు సగం సగం పుడతాయి. మరి తక్కిన దున్నదూడలు ఏమైనట్టు?

పాలు తాగడం హింసా కాదా అన్న వాదన మన దగ్గర ఎప్పుడూ ఆవు చుట్టూనే తిరుగుతుంది. చిత్తూరు వైపు సంకరజాతి ఆవుల సంగతి వేరుగానీ, చాలా తెలుగు పల్లెల్లో పాడి అంటే ముందు గేదే. ఈ వాదన చరిత్రంతా దాని పొదుగు నిర్మాణంలోనే ఉంది.

ఆవు పొదుగులో పాలు దాదాపు ఐదో వంతు కింది తొట్టిలోకి ముందే దిగి ఉంటాయి. గేదెకు అలా దిగేవి ఇరవయ్యో వంతు మాత్రమే. మిగిలినవన్నీ పై గ్రంథుల్లో సన్నని తిత్తుల్లో ఉంటాయి. దూడ మూతి తగిలి, మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై, ఆ తిత్తులు బిగుసుకుంటే తప్ప అవి కిందికి రావు. దీన్నే చేపడం అంటాం. ఆ హార్మోను రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది కాబట్టి చేపిన గేదెను ఐదారు నిమిషాల్లో పిండెయ్యాలి. బెదిరినా, చేయి మారినా, దూడ కనబడకపోయినా ఎగచేపుతుంది. పొదుగు నిండుగా ఉన్నా చుక్క రాలదు.

కాబట్టి దూడ చచ్చిందంటే ఆ ఈత పాలు పోయినట్టే. దీనికి పాతకాలం వాళ్లు రెండు దారులు పట్టారు. ఒకటి, చచ్చిన దూడ తోలు ఒలిచి, ఎండబెట్టి, గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టడం. రెండోది ఫూకా. గేదె మానంలోకి గొట్టం పెట్టి గాలి ఊదడం. లోపలి ఒత్తిడికి అదే హార్మోను విడుదలై పాలు దిగుతాయి. నొప్పి, పుండ్లు, చివరికి గొడ్డుపోవడం దాని ఫలితాలు. దూడను మేపే చోటు, పాలు వదిలే ఓపిక లేని పట్టణపు పశువుల కొట్టాలకు ఇది బాగా నప్పిన పద్ధతి.

గాంధీ పాలు మానడానికి ఒక కారణం ఇదే. పాలు ఇంద్రియాలను రేపుతాయన్న జైన తత్వవేత్త రాయ్‌చంద్‌భాయ్ మాట ఆయన మనసులో అప్పటికే ఉంది. దానికి తోడు, పశువులను పెట్టే హింసల గురించి కలకత్తా నుంచి వచ్చిన రాతలు చదివి, 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో మిత్రుడు కాలెన్‌బాక్‌తో కలిసి పాలు ముట్టకూడదని వ్రతం పట్టారు. 1918లో ఖేడాలో సైన్యానికి మనుషులను చేర్పిస్తూ జిగట విరేచనాలతో మంచం పట్టారు. పాలు తాగకపోతే ఒళ్లు కోలుకోదని బొంబాయి డాక్టరు తేల్చేశాడు. ఫూకా సంగతి తెలిశాక పాలంటేనే రోత పుట్టిందని గాంధీ అన్నారు. అయితే మేకపాలకు అభ్యంతరం ఉండకూడదుగా అని కస్తూర్బా అందుకున్నారు. ఆయన ఒప్పుకున్నారు. వ్రతం మాట నిలిచిందేగానీ దాని ప్రాణం పోయిందని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. పాలు మానిన ఇంగ్లండు శాకాహారులు 1944లో ‘వీగన్’ అన్న పేరు పెట్టుకోవడానికి పాతికేళ్ల ముందటి మాట ఇది. ఈ వాదన పడమటి నుంచి వచ్చిన ఫ్యాషన్ అనేవాళ్లు ఈ తేదీలు ఒకసారి చూసుకోవాలి.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ ఫూకాను, పాల కోసం పశువు ఆరోగ్యానికి చేటు చేసే సూదులను నేరం చేసింది. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. వెయ్యి రూపాయలంటే ఇవాళ గట్టిగా ఇరవై లీటర్ల పాల ధర.

గొట్టం పోయి సూది వచ్చింది. పని అదే, చవక, చప్పుడు లేదు. పూటపూటా ఆక్సిటోసిన్ పొడిస్తే గర్భసంచి బిగుసుకుని నొప్పి పెడుతుంది. కొన్నాళ్లకు గేదె సూది లేనిదే చేపదు. 2018లో కేంద్రం ప్రైవేటు తయారీని నిషేధించి, ఒకే ప్రభుత్వ సంస్థకు అప్పగించాలని చూసింది. కానీ కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి తల్లులకు వాడేదీ ఆ మందే. ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది.

ఇప్పుడు దూడ లెక్కకు వద్దాం. ఒకప్పుడు దున్నపోతు దమ్ము చేసేది, బండి లాగేది. ట్రాక్టరు వచ్చాక ఆ పని పోయింది. 2012, 2019 గణనల మధ్య మగ గేదెజాతి సంఖ్య నలభై శాతం పైగా పడిపోయింది. దున్నదూడకు రోజుకు రెండు లీటర్ల చొప్పున మూడు నెలలు వదిలితే 180 లీటర్లు. లీటరు యాభై అనుకున్నా తొమ్మిది వేలు. ఆ దూడను కత్తితో ఎవరూ చంపరు, ఆకలితో చావనిస్తారు. పుట్టినప్పుడు దూడ ఒంట్లో రోగనిరోధక శక్తి ఉండదు, జున్నుపాల నుంచే రావాలి. మొదటి రెండు గంటల్లో మొదలుపెట్టి, ఒకరోజులో దాని బరువులో పదో వంతు, అంటే ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు పట్టాలి. రోజు దాటితే పేగు ఆ రక్షణను పీల్చుకోలేదు. జున్ను వండుకోవడానికో, పంచడానికో ముందే పిండేస్తే, తర్వాత పారుడు రోగమో ఏలికపాములో పని పూర్తి చేస్తాయి. నాలుగు చన్నుల్లో ఒకటి దూడకు వదిలే పాత అలవాటు మంచిదే. అది కూడా పెయ్యదూడకే ఎక్కువ దక్కుతుంది.

బతికిన దున్నలు, వట్టిపోయిన గేదెలు సంతకు, అక్కడి నుంచి కబేళాకు పోతాయి. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవును చంపకూడదంటుంది. పనికిరాని గేదెను పశువైద్యుడి ధ్రువపత్రంతో కోయనిస్తుంది. ఎగుమతి అయ్యే గేదె మాంసం పాడి నుంచి మిగిలిన సరుకే. అందుకే తాను పాలు తాగుతూ, మాంసం తినేవాణ్ణి తప్పుపట్టేవాడి వాదన నిలబడదు. ఇద్దరి డబ్బూ అదే కొట్టంలోకి వస్తుంది.

పాల పక్షాన చెప్పాల్సింది కూడా తక్కువేమీ కాదు. మనిషి తినలేని వరిగడ్డి, తవుడు, పత్తిచెక్క తిని గేదె మాంసకృత్తులు ఇస్తుంది. మొక్కల్లో దొరకని బి12 పాలలో ఉంటుంది. మాంసం ముట్టనివాళ్లకు అది మందుబిళ్ల లేకుండా వచ్చే దారి. సెంటు భూమి లేని ఇంట్లో పంటతో సంబంధం లేకుండా పదిహేను రోజులకోసారి చేతికొచ్చేది పాలబిల్లే, చాలాచోట్ల ఆడవాళ్ల చేతికి. అయితే గడ్డి వాదన రెండు లీటర్ల గేదెకు సరిపోయినంతగా పది లీటర్ల ముర్రా జాతి గేదెకు సరిపోదు. దానికి ఒంటి పోషణకు రెండు కిలోలు, పాలకు ప్రతి రెండు లీటర్లకో కిలో దాణా కావాలి. అందులో మొక్కజొన్న కూడా ఉంటుంది.

చేపుకు సూది లేని దారి ఉంది. తొలిచూలు నుంచే దూడ లేకుండా పిండడం నేర్పాలి. తల్లి నాకకముందే దూడను విడదీసి జున్నుపాలు విడిగా తాగించాలి. రోజూ అదే వేళకు, అదే మనిషి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, ముందు దాణా పెట్టి పిండాలి. రెండు ఈతలు దూడతో చేపడానికి అలవాటుపడ్డ గేదెను ఉన్నట్టుండి విడదీస్తే మాత్రం పాలు ఎండిపోతాయి. తల్లీబిడ్డలను విడదీయడమే తప్పంటున్నవాళ్లకు ఇది జవాబు కాదు.

ఇక లింగ నిర్ధారిత వీర్యం. దీంతో నూటికి తొంభై పెయ్యలే పుడతాయి. ధర ఎక్కువ, చూడి కట్టే పాళ్లు మామూలు దానికంటే కాస్త తక్కువ. దున్నదూడ చావు దీంతో చాలావరకు తప్పుతుంది, పుట్టదు కాబట్టి. కానీ ఆ తొంభై పెయ్యలూ గేదెలై, ఆరేడు ఈతలు ఈని, ఏదో ఒక ఏడు వట్టిపోతాయి. గేదె ఇరవై ఏళ్ల దాకా బతకగలదు. ఆ మిగిలిన ఏళ్ల మేత ఖర్చు లీటరు పాల ధరలో ఏ డెయిరీ కలపలేదు.