చదరంగం ఎవరిదన్న గొడవలో ఏనుగు సాక్ష్యం

చదరంగం మనదా, చైనాదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాక ఇది మరీ పెరిగింది. బాణుడి హర్షచరితంలో వచ్చే ప్రస్తావన, మన దేశం నుంచి పారశీక రాజుకు ఆట వెళ్లిన కథ అందరికీ తెలిసినవే, కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నా దృష్టిలో ఈ తగాదా తేలాల్సింది ఒక చిన్న పావు దగ్గర. పాత ఆటల్లో ఏనుగు ఎలా నడిచేదో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

రథం అనేక దేశాల్లో ఒకేలా నడిచింది. ఏనుగు మాత్రం దేశానికో తీరుగా కదిలింది. అరబ్బుల చదరంగమైన షత్రంజ్‌లో అది ఐమూలగా రెండో గడిలోకి దూకుతుంది, మధ్యలో ఎవరున్నా పట్టించుకోదు. అలా దూకుతూ మొత్తం బోర్డు మీద ఎనిమిది గడులు మాత్రమే చేరగలదు. నాలుగు ఏనుగుల గడులూ వేరువేరు కాబట్టి, ఒక ఏనుగు మరో ఏనుగును ఎప్పటికీ కొట్టలేదు. బోర్డులో సగం, అంటే 32 గడులు, ఏ ఏనుగూ అడుగు పెట్టనివే. ఇంత బలహీనమైన పావును ఆటగాళ్లు ఎక్కడికక్కడ మార్చుకోవాలని చూడటం సహజం. యూరప్‌లో 15వ శతాబ్దం చివర దాన్ని తీసేసి, ఐమూలగా ఎంత దూరమైనా పోయే పావును పెట్టారు.

9వ శతాబ్దపు బాగ్దాద్ ఆటగాడు అల్ అద్లీ భారతీయుల ఆట గురించి మరో సంగతి రాశాడు. వాళ్ల ఏనుగులు బోర్డు మూలల్లో నిలబడతాయని, ఐమూలగా కాక తిన్నగా రెండో గడిలోకి దూకుతాయని. మన ఇళ్లలో ఇప్పటికీ ఏనుగు మూలనే ఉంటుంది.

అసలు మలుపు 1030 ప్రాంతంలో వచ్చింది. మధ్య ఆసియా పండితుడు అల్‌బిరూనీ మన దేశం గురించి రాసిన గ్రంథంలో నలుగురు కలిసి, రెండు పాచికలతో ఆడే చదరంగాన్ని వర్ణించాడు. అందులో ఏనుగు ఒక్క గడి ముందుకు, లేదా నాలుగు ఐమూలల్లో ఎటైనా ఒక్క గడి కదులుతుంది. ఆ ఐదు గడులు ఏనుగు తొండం, నాలుగు కాళ్లు అని ఆడేవాళ్లు తనకు చెప్పారట. ఏనుగు ఒంటిని చూసి కట్టిన నడక అది. ఏనుగులతో యుద్ధం చేసిన నేలలో పుట్టిన ఆలోచన అది అనడానికి నాకు ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

అచ్చం అదే నడక బర్మా చదరంగం సిట్టుయిన్‌లో ఉంది, అక్కడ ఆ పావు ఇప్పటికీ ఏనుగే. థాయిలాండ్ మాక్రుక్‌లో ఉంది, అక్కడ దాని పేరు ఖోన్. జపాన్ చదరంగం షోగిలో వెండి సేనాని అనే పావుదీ అదే నడక. జపాన్ నగరం నారాలోని కోఫుకుజి ఆలయ ఆవరణలో 1993లో 16 షోగి పావులు దొరికాయి. వాటితో పాటు దొరికిన చెక్క ఫలకం మీద 1058 సంవత్సరం ఉంది. ఆ పావుల్లో వెండి సేనాని కూడా ఉంది. వెండి పక్కలకూ, నేరుగా వెనక్కీ పోదని 13వ శతాబ్దపు జపాన్ గ్రంథం నిచూరెకి స్పష్టంగా చెబుతుంది. షోగి ఆగ్నేయాసియా సముద్ర మార్గంలో వచ్చిందని ఆటల చరిత్రకారుడు మసుకావా కోయిచి వాదించారు. అక్కడి ఆటల్లాగే షోగిలోనూ పావులు గడుల లోపల ఉంటాయి, చైనా చదరంగం షియాంగ్‌చీలోలా గీతల కూడళ్ల మీద కాదు. షియాంగ్‌చీ బోర్డు మధ్యలో ఉండే నది లేదు, ఫిరంగి అనే పావూ లేదు.

చైనా పక్షానికి కూడా చెప్పుకోవడానికి ఉంది. హాన్ సిన్ అనే సేనాని క్రీ.పూ. 203 ప్రాంతంలో షియాంగ్‌చీని కనిపెట్టాడని డేవిడ్ హెచ్. లీ 1998లో రాశారు. షోగి పావుల మీద ఉన్నవి చైనా అక్షరాలే. అయితే షియాంగ్‌చీ ఏనుగు ఐమూలగా రెండడుగులు పోతుంది, మధ్యలో అడ్డముంటే ఆగిపోతుంది, నది దాటదు, ఏడు చోట్లకు మించి చేరదు. ఆ ఏనుగు నుంచి వెండి సేనాని ఎలా పుట్టిందో ఆ వాదం చెప్పదు.

జపాన్ అక్కడితో ఆగలేదు. 2013లో అదే కోఫుకుజి ఆవరణలో, 1098 నాటి ఫలకంతో పాటు మత్తగజం అనే పావు బయటపడింది. అది నేరుగా వెనక్కి తప్ప ఎటైనా ఒక్కడుగు వేస్తుంది. ఎదుటి కోటలో చేరితే యువరాజై, రాజు చనిపోయినా ఆట నిలబెడుతుంది. (బుద్ధుడి మీదకు కల్లు తాగించి వదిలిన నాళాగిరి ఏనుగు మన అమరావతి శిల్పంలో ఉంది. ఆ కథ బౌద్ధంతో జపాన్ దాకా వెళ్లింది.) 16వ శతాబ్దంలో గోనారా చక్రవర్తి ఆజ్ఞతో మత్తగజాన్ని తీసేశారని చెబుతారు. ఫుకుయి దగ్గర ఇచిజోదానిలో తవ్వితే దొరికిన 174 పావుల్లో అది ఒక్కటే ఉంది.

అడ్డంగా 12, నిలువుగా 12 గడులుండే పెద్ద బోర్డు మీద ఆడే చూ షోగిలో మాత్రం అది మిగిలింది. అందులోనే కిరిన్ అనే పావు తిన్నగా రెండో గడిలోకి దూకుతుంది, ఫీనిక్స్ ఐమూలగా రెండో గడిలోకి దూకుతుంది. అల్ అద్లీ రాసిన భారతీయ ఏనుగు దూకుడూ, షత్రంజ్ ఏనుగు దూకుడూ అవే. వెండి సేనాని రూపంలో అక్కడే ఉన్న అల్‌బిరూనీ నడకతో కలిపి, పాత ఏనుగు మూడు నడకలూ ఒకే బోర్డు మీద కనిపిస్తాయి. చైనా వాదం నిలబడాలంటే 11వ శతాబ్దానికి ముందటి చైనా ఆటలో ఆ ఐదు గడుల నడక ఉన్న పావును చూపించాలి.